ఏడు బస్తాల బరువు, నాలుగు కాళ్ళు

మే నెలలో ఒక రాత్రి రెండు గంటలకు తణుకు నుంచి మా అక్క ఫోను చేసింది. ఆ వేళప్పుడు ఫోను మోగితే ఏం వినాల్సి వస్తుందోనని ప్రాణం గిలగిలలాడుతుంది. తీరా ఎత్తితే, ముందు నీళ్ళ చప్పుడు, తర్వాత "అటు కాదండీ, సోఫా కింద చూడండి" అని బావ మీద కేకలు, ఆ తర్వాతే నాతో మాట. అక్వేరియం పగిలిందట. హాలంతా వేలి మందాన నీళ్ళు. చేప ఒకటి సోఫా కింద కొట్టుకుంటోంది, బావ మోకాళ్ళ మీద పాకుతూ దాన్ని వెతుకుతున్నాడు. ఫోను ఎందుకు చేశావంటే ఏం చెప్పాలో అక్కకే తెలియలేదు. కంగారులో పుట్టింటి నంబరు నొక్కేసింది, అంతే.

చేపలు రెండూ బతికాయి. తెల్లవార్లూ ప్లాస్టిక్ డ్రమ్ములో ఉన్నాయి. అయితే ఈ వ్యాసం చేపల గురించి కాదు. మరునాడు ఆ పగిలిన ట్యాంకు చుట్టూ చేరి బంధువులు, ఇరుగుపొరుగు అందరూ అన్న ఒకే ఒక్క మాట గురించి. "ఇంకా లావు చెక్క వేయించాల్సింది."

ఆ స్టాండు చూసినవాళ్ళెవరైనా ఆ మాట అనడానికి సాహసించకూడదు. నాలుగంగుళాల చదరపు కాళ్ళు, వేప కర్ర. దాన్ని లోపలికి తేవడానికి నలుగురు మనుషులు పట్టారు. పెట్టినరోజు బావ దాని మీద తనే ఎక్కి నిలబడి, "ఏనుగునెక్కించినా కదలదోయ్" అన్నాడు. నేను తర్వాత లెక్క వేశాను. ఆ నాలుగు కాళ్ళ అడ్డుకోత కలిపితే సుమారు 400 చదరపు సెంటీమీటర్లు. చదరపు సెంటీమీటరుకు 50 కిలోలే మోస్తుందని పిసినారి లెక్క వేసుకున్నా 20 టన్నులు. ఒక్క ఏనుగేమిటి, నాలుగు ఎక్కేవి. బావ తన మాట తక్కువ చేసే చెప్పాడు.

మరి ఎందుకు పగిలింది? పది నెలలుగా నన్ను పట్టుకున్న ప్రశ్న ఇది. అక్క ఆ రెండు చేపలనూ, "ఇక నా వల్ల కాదు" అంటూ రాజమండ్రి తెచ్చి మా ఇంట్లో దించేసింది కాబట్టి, ఈ ప్రశ్నకు జవాబు వెతుక్కోవడం నాకు తప్పనిసరి అయింది. అవి ఆస్కార్ చేపలు. చిన్నప్పుడు అరచేతిలో ఇమిడిపోయి అందరినీ మోసం చేస్తాయి, పెరిగాక అడుగు పొడవు ఉంటాయి. చిన్న తొట్టెలో పెట్టే జాతి కాదు. కాబట్టి నాకూ ఒక పెద్ద ట్యాంకు కావాలి, దాని కింద ఒక స్టాండు కావాలి.

అసలు బరువెంత?

నాలుగు అడుగుల పొడవు, రెండు అడుగుల వెడల్పు, రెండు అడుగుల ఎత్తు. పదహారు ఘనపుటడుగులు. ఘనపుటడుగు నీళ్ళు 28 కిలోల పైచిలుకు. అంచు దాకా నింపితే 450 కిలోలు. గాజు మందం, పైన వదిలే వెలితి తీసేస్తే నీళ్ళు నాలుగు వందల కిలోల లోపే. 12 మిల్లీమీటర్ల గాజు దాదాపు 90 కిలోలు. ఇసుక, రాళ్ళు ఒక 50. మూతా ఫిల్టరూ అన్నీ కలిపి 530 దగ్గర తేలింది. మా వైపు ధాన్యం బస్తా 75 కిలోలు, అంటే ఏడు బస్తాలు. పల్లెలో ఏడు బస్తాల ధాన్యం గదిలో ఒక మూల పేర్చి ఉంటే ఎవరూ నిద్ర పాడుచేసుకోరు. అదే బరువు గాజులో నిలబడితే మాత్రం అందరికీ భయమే.

ఈ భయంలో కొంత మనది కాదని నా అనుమానం. అక్వేరియం స్టాండు ఎలా చేయాలని వెతికితే దొరికే వీడియోలు, బొమ్మలు ఎక్కువగా అమెరికా వాళ్ళవి. అక్కడి ఇళ్ళు చాలావరకు చెక్క ఇళ్ళు, మేడ మీద నేల కూడా చెక్కే. ఆ నేల మీద అర టన్ను పెట్టేముందు వాళ్ళు కంగారు పడటంలో అర్థం ఉంది. మనకు కింద ఉన్నది కాంక్రీటు శ్లాబు. అలాగని లెక్క చూడకుండా వదిలేశానని కాదు. మన దేశపు ప్రమాణాల్లో నివాస గదికి చదరపు మీటరుకు సుమారు 200 కిలోల భారం వేసుకుని శ్లాబు కడతారు. ట్యాంకు తన కింద ఉన్న జాగాలో చదరపు మీటరుకు 700 కిలోలకు పైగా మోపుతుంది. ఈ రెండంకెలు పక్కపక్కన చూసి మొదటి రాత్రి నాకూ నిద్ర పట్టలేదు. స్ట్రక్చరల్ ఇంజనీరైన స్నేహితుడొకడు నవ్వి, ఆ 200 గది మొత్తం మీద పరిచిన లెక్క అన్నాడు. పన్నెండు అడుగుల చదరపు గదికి అది రెండున్నర టన్నులు దాటుతుంది. గది నడుమ పెట్టకుండా, కింద బీము ఉన్న గోడ పొడుగునా పెట్టుకోమని, అయినా ఇల్లు పాతదైతే చూపించకుండా పెట్టొద్దని చెప్పాడు. మా ఇంటికి వచ్చి చూశాడు కూడా.

ఇక్కడొక పిట్టకథ చెప్పకుండా ఉండలేను. బీము ఉన్న గోడ దొరికింది కదా అనుకుంటే మా ఆవిడ వాస్తు తీసింది. నీళ్ళు ఈశాన్యంలో ఉండాలట. సరేనన్నాను. కాసేపటికి తనకే గుర్తొచ్చింది, ఈశాన్యంలో బరువు ఉండకూడదు. బరువు నైరుతిలో ఉండాలి, కానీ నైరుతిలో నీళ్ళు పనికిరావు. నీళ్ళే బరువైనప్పుడు ఏం చేయాలో ఇద్దరికీ పాలుపోలేదు. వాస్తు తెలిసిన మా పెద్దనాన్నను అడిగితే చాలాసేపు ఆలోచించి, "చిన్నది కొనుక్కోరా" అన్నారు. చివరికి బీమే గెలిచింది.

దారాలతో చూసిన నిజం

ట్యాంకు పగిలిన తర్వాతి ఆదివారం నేను తణుకు వెళ్ళాను. ఖాళీ స్టాండు హాల్లో అలాగే ఉంది, ఒక్క చోట కూడా విరగలేదు, చీలలేదు. నాలుగు మూలల్లో నాలుగు చిన్న మేకులు కొట్టి, రెండు దారాలు మూల నుంచి మూలకు బిగించి కట్టాను. పైభాగం చదునుగా ఉంటే నడుమ దారాలు రెండూ ఒకదాన్నొకటి తాకాలి. ఇక్కడ వాటి మధ్య అగ్గిపుల్ల పట్టేంత సందు ఉంది. నడుమ అగ్గిపుల్ల మందం అంటే మూల దగ్గర దానికి రెట్టింపు. అంటే ఒక మూల మిగిలిన మూడింటి కన్నా నాలుగైదు మిల్లీమీటర్లు పైకి లేచింది. పగులు కూడా సరిగ్గా ఆ మూల నుంచే మొదలై అడుగు గాజుకు అడ్డంగా పరిగెత్తింది.

ముక్కాలిపీట ఎగుడుదిగుడు నేల మీద వేసినా ఊగదు. మూడు బిందువులు ఎప్పుడూ ఒకే తలంలో ఉంటాయి. నాలుగో కాలు వచ్చాకే తగవు. కుర్చీ అయితే టకటకమని ఊగి చెబుతుంది, కింద అట్టముక్క పెడతాం. ట్యాంకు ఊగదు. ఏడు బస్తాల బరువు దాన్ని కదలనివ్వదు. చెక్క మెలి తిరిగితే ఆ మెలికను గాజు భరించాలి, గాజుకు వంగడం రాదు.

ఆ చెక్క మెలి తిరగడానికి కారణం దాని లావే. కనీసం సగం కారణం. జనవరిలో కొట్టిన వేప చెట్టు, మార్చిలో స్టాండయింది. పలుచని పలకైతే ఆ రెండు నెలల్లో చాలావరకు ఆరేది. నాలుగంగుళాల దిమ్మ పైన ఆరినట్టు కనిపిస్తుంది, లోపల పచ్చిగానే ఉంటుంది. చెక్క పొడవునా దాదాపు కుంచించుకోదు, అడ్డంగా కుంచించుకుంటుంది. ఆ అడ్డంలోనూ వలయాల వెంబడి కుంచించుకునేది, కేంద్రం నుంచి అంచుకు కుంచించుకునే దానికి ఇంచుమించు రెట్టింపు. అందుకే చదరంగా కోసిన దిమ్మ ఆరాక చదరంగా ఉండదు. దానికి తోడు వేప నార మెలికలు పడి ఉంటుంది. మే నెల ఎండలు రాగానే, తణుకు హాల్లో ఫ్యాను కింద, ఆ నాలుగు ఏనుగుల స్టాండు చప్పుడు చేయకుండా ఒళ్ళు విరుచుకుంది.

ఇది బావకు చెప్పాను. శ్రద్ధగా విన్నాడు. "అయితే టేకులో నాలుగంగుళాలు వేయిస్తే సరిపోయేదంటావు" అన్నాడు.

నా వాదం ఇదీ: పెద్ద ట్యాంకు స్టాండు విషయంలో మనం అడగాల్సింది "ఎంత మోస్తుంది" అని కాదు. మోయడం చెక్కకు చాలా తేలిక. రెండంగుళాలు, నాలుగంగుళాలు ఉన్న ఒక్క ఆరిన టేకు ముక్కను నిలువుగా పెడితే, ఆ పిసినారి లెక్కలోనే రెండున్నర టన్నులు మోస్తుంది. మొత్తం ట్యాంకుకు నాలుగు రెట్లు పైనే. ఇలాంటివి స్టాండులో ఆరు పెడుతున్నాం. అడగాల్సినవి వేరే ఉన్నాయి. పక్కకు తోస్తే ఏమవుతుంది? పైభాగం చదునుగా ఉందా, వచ్చే వేసవికీ అలాగే ఉంటుందా? నీళ్ళు ఒలికితే ఏమవుతుంది? స్టాండ్లు చెడేది ఈ దారుల్లోనే. లావు పెంచడం వల్ల ఈ మూడింటిలో ఒక్కటీ బాగుపడదు.

ఆచారి గారు ఒప్పుకోలేదు

మా వీధి చివర వడ్రంగం చేసే ఆచారి గారికి దాదాపు డెబ్భై ఏళ్ళు. ఇప్పుడు పనులు కొడుకే చూస్తున్నాడు, కానీ ఇలాంటి విడ్డూరపు పని వస్తే పెద్దాయనే స్వయంగా వస్తారు. నా లెక్కల కాగితం చూపించి, ఇంత లావు అక్కర్లేదండీ అంటే, కళ్ళజోడు పైకి నెట్టి కాగితాన్ని కాక నన్ను చూశారు.

"లెక్క తప్పని నేననను బాబూ. నా చెయ్యి తప్పుతుంది. పెరిగే చెట్టు తప్పుతుంది. లావుంటే ఆ తప్పులన్నీ కాచుకుంటుంది."

ఈ మాటకు నా దగ్గర ఇప్పటికీ పూర్తి జవాబు లేదు. ఆయన చెప్పింది ఇంజనీర్లు కూడా చేసే పనే, దానికి వాళ్ళు వేరే పేరు పెట్టుకున్నారు. ఎక్కడ ముడి ఉందో, ఎక్కడ లోపల పుచ్చిందో తెలియనప్పుడు కాస్త ఎక్కువే వేసుకోవాలి. కానీ ఎక్కువ వేసుకోవడం వేరు, ఎక్కువ వేశాం కదా అని మిగతావి చూడకపోవడం వేరు. బావ స్టాండుకు వెనుక ఏ అడ్డూ లేదు. అంత లావు కాళ్ళకు అడ్డు ఎందుకని ఎవరికీ తట్టలేదు.

చెక్క ఎంపిక దగ్గర మాత్రం మాకు తగవు రాలేదు. కొత్త టింబర్ డిపోలో ఆయన రెండు దూలాలు గోటితో గీకి, వాసన చూసి, "ఇది నిన్న చెట్టు" అని బయటికి నడిచారు. పాత ఇళ్ళు పడగొట్టిన కలప అమ్మే చోటికి తీసుకెళ్ళారు. ఏదో పెంకుటింటి టేకు వాసాలు, పొగచూరి నల్లగా ఉన్నాయి. ఒక్కో వాసాన్ని కంటి ఎత్తుకు ఎత్తి, ఒక కన్ను మూసి, తుపాకీ గురిచూసినట్టు అంచు వెంబడి చూసేవారు. వంపు ఉంటే పక్కన పడేసేవారు. అలా ముప్పై చూసి పదకొండు ఏరారు. తిన్నింటి వాసాలు లెక్కపెట్టడం తప్పు గానీ, ఎవరో తిన్న ఇంటి వాసాలు లెక్కపెట్టి కొనుక్కోవడంలో తప్పేమీ లేదని నాకు ఆ రోజు తెలిసింది. అన్నేళ్ళు పెంకుల కింద ఎండకూ వానకూ ఆరి, తిరగాల్సిన మెలికలన్నీ తిరిగేసిన చెక్క. చిత్రిక పట్టగానే నలుపు పోయి లోపల తేనె రంగు చేవ తేలింది. మూడో వాసంలో తల లేని పాత మేకు ఒకటి దాక్కుని చిత్రిక బ్లేడు అంచు విరిచింది. ఆచారి గారు ఆ మేకును పీకి, అరచేతిలో పెట్టుకుని చూసి, "దీన్ని కొట్టినవాడు ఇప్పుడు లేడు" అని జేబులో వేసుకున్నారు. బ్లేడు డబ్బులు మాత్రం నా లెక్కలో రాశారు.

అతుకుల దగ్గర మళ్ళీ వాదన. నేను వీడియోలు చూసి మరమేకులతో బిగిద్దామన్నాను. పై చట్రాన్ని కాళ్ళ పక్కన ఆనించి నాలుగేసి మరమేకులు బిగిస్తే గంటలో అయిపోతుంది. ఆయన ససేమిరా అన్నారు. "మేకు పట్టుకోవాలి గానీ మోయకూడదు బాబూ." చట్రం కాలి పక్కన వేలాడితే బరువంతా మేకుల మీద పడుతుంది. చట్రం కాలి నెత్తిన కూర్చుంటే బరువు చెక్క నుంచి చెక్కకు, చెక్క నుంచి నేలకు దిగుతుంది, మేకు పని జారకుండా పట్టుకోవడమే. దీని మీద నేను వాదించదలుచుకోలేదు, ఎందుకంటే వీడియోల్లో తెలివైనవాళ్ళు చెప్పేదీ ఇదే. ఆయన అడ్డుపట్టెలో బెజ్జం కొట్టి, కాలి కొనను నాలుకలా చెక్కి అందులో దించారు. నాలుక చుట్టూ కాలికి మిగిలిన భుజాల మీద చట్రం ఆనింది. ఒక్కో బెజ్జానికి ముప్పావు గంట. ఉలి మీద సుత్తి దెబ్బల చప్పుడు రెండు రోజులు అపార్ట్‌మెంటు మొత్తం భరించింది.

ఇక అడ్డుపట్టెలను నిలువుగా పెట్టాలా, పడుకోబెట్టాలా అన్నది చిన్న విషయంలా కనిపిస్తుంది. రెండు బై నాలుగు పట్టెను అంచు మీద నిలబెడితే, నాలుగు అడుగుల పొడవున, ట్యాంకులో సగం బరువుకు నా లెక్కలో ఒకటిన్నర మిల్లీమీటర్లు వంగుతుంది. అదే పట్టెను పడుకోబెడితే దానికి నాలుగింతలు. చెక్క అదే, బరువు అదే, ఖర్చు అదే. నడుమ ఇంకో కాలు పెడితే వంపు పదహారో వంతుకు పడిపోతుంది. పాత ఇళ్ళలో దూలాన్ని ఎవరూ పడుకోబెట్టలేదంటే ఈ లెక్క తెలియక కాదు. అందుకే మా స్టాండుకు ఆరు కాళ్ళు.

చూపుడు వేలి పరీక్ష

నాలుగో రోజు సాయంత్రానికి చట్రం నిలబడింది. పైనా కిందా చట్రాలు, ఆరు కాళ్ళు, బిగుతైన అతుకులు. నేను గర్వంగా దాని మీద కూర్చున్నాను, తర్వాత నిలబడ్డాను, బావ గుర్తొచ్చి దిగిపోయాను. ఆచారి గారు పై మూల మీద చూపుడు వేలు పెట్టి పక్కకు తోశారు. ఒక్క వేలితోనే. పైచట్రం కళ్ళెదుట దాదాపు అర అంగుళం పక్కకు వాలి, వేలు తీయగానే వెనక్కి వచ్చింది. నా కడుపులో ఏదో జారినట్టయింది.

ఇదే నేను చెప్పదలచుకున్నది మొత్తం. నాలుగు పట్టెల చదరం ఎంత లావుదైనా, ఎంత బాగా అతికినా, పక్కకు తోస్తే ఏటవాలు చతుర్భుజం అవుతుంది. ట్యాంకు మోపిన తర్వాత ఎవరో ఆనుకుంటారు, పిల్లలు పరిగెత్తుతూ గుద్దుకుంటారు, లోపలి నీళ్ళు అటూ ఇటూ ఊగుతాయి. ఒకసారి పక్కకు వాలడం మొదలుపెడితే పైనున్న ఏడు బస్తాలే దాన్ని ఇంకా తోస్తాయి.

ఆయన వెనుక వైపు 12 మిల్లీమీటర్ల ప్లైవుడ్డు నిలబెట్టి, ఫెవికాల్ పూసి, జానెడు దూరానికొకటి చొప్పున మరమేకులు బిగించారు. బిగించేముందు కర్ణాలు రెండూ కొలిచారు, రెండూ ఒకటైతేనే మూలమట్టం సరిగ్గా ఉన్నట్టు. పక్కలకు కూడా అదే ప్లైవుడ్డు. ముందు వైపు తలుపులు రావాలి కాబట్టి మూలల్లో నాలుగంగుళాల వెడల్పు పట్టీలు మాత్రం వేశారు. మర్నాడు జిగురు ఆరాక నేను వేలితో తోశాను. తర్వాత చేత్తో. తర్వాత భుజం ఆనించి. స్టాండు మొత్తం టైల్సు మీద జరిగింది తప్ప వాలలేదు. రెండంగుళాల కాళ్ళ స్టాండుకు ఆ అర అంగుళం మందం లేని పలక ఇచ్చిన బిగువు, బావ నాలుగంగుళాల దిమ్మలు ఇవ్వలేకపోయాయి.

ఇనుప స్టాండు సంగతేమిటని అడిగేవాళ్ళుంటారు. అడగాలి కూడా. మేం వెళ్ళే దంతవైద్యుడి క్లినిక్కులో సన్నని ఇనుప యాంగిల్ స్టాండు మీద మూడు అడుగుల ట్యాంకు నాకు తెలిసి పదేళ్ళుగా ఉంది. చూస్తే ఊదితే పడేలా ఉంటుంది. వంగి వెనక్కి చూస్తే రెండు ఇనుప బద్దలు ఏటవాలుగా అడ్డంగా వెల్డింగ్ చేసి ఉన్నాయి. దాని ఆయుష్షు ఆ బద్దల్లోనే ఉంది. కింది కాళ్ళు తుప్పు పట్టి పొరలు ఊడుతున్నా నిలబడే ఉంది. ధర చూసుకుంటే ఇనుమే చవక, పనీ ఒక్క పూటలో అవుతుంది. చెక్క ఎందుకు ఎంచుకున్నానంటే, ఆచారి గారు వీధిలో ఉండటం ఒక కారణం, వెల్డింగ్ వేడికి చట్రం మెలి తిరిగితే చిత్రిక పట్టి సరిచేయలేకపోవడం ఇంకొకటి. ఇక మూడో కారణం నాకు చెక్క ఇష్టం. వాదంలో ఇది చెల్లదని తెలుసు.

చట్రమే లేకుండా 18 మిల్లీమీటర్ల మంచి ప్లైవుడ్డుతో పెట్టెలా చేసినా చాలునని ఇంకొందరంటారు. అదీ నిజమే. పెట్టె నాలుగు వైపులా పలకే కాబట్టి పక్కకు వాలే బెడదే ఉండదు. ఆ మాట ఆచారి గారికి చెప్పే ధైర్యం నాకు లేకపోయింది.

నీరు పల్లమెరుగు

రెడీమేడ్ క్యాబినెట్ల మీద నాకున్న కోపమంతా నీళ్ళ దగ్గరే. రంపపు పొట్టు నొక్కి చేసిన పలకలకు నిగనిగలాడే కాగితం అంటిస్తారు. నీళ్ళు మార్చేటప్పుడు నాలుగు చుక్కలు అంచున దిగితే చాలు, పలక అరిసెలా ఉబ్బుతుంది, ఆరినా తగ్గదు. అక్వేరియం స్టాండు జీవితమంతా తడుస్తూనే ఉండే వస్తువు. ప్లైవుడ్డులోనూ రకాలున్నాయి. మన దేశపు ప్రమాణాల్లో ఐఎస్ 710 గుర్తు ఉన్న రకాన్ని 72 గంటలు మరిగే నీళ్ళలో ఉంచి జిగురు ఊడిందో లేదో చూస్తారు. ఒకటి రెండు పలకలకే కదా, ధరలో తేడా పెద్దగా పడదు. టేకుకు మూడు పూతలు వేయించాను. కాళ్ళ అడుగుకొనలకు ఐదు, చెక్క నీళ్ళు ఎక్కువగా తాగేది కొనల నుంచే.

స్టాండు పెట్టేముందు నేలను రూపాయి బిళ్ళతో తట్టి చూశాను. మూడో టైలు డొల్లగా మోగింది, కింద సిమెంటు అందలేదు. ఆరు కాళ్ళు ఆరు చోట్ల నేరుగా మోపి ఉంటే అది పగిలేదే. కింది చట్రం పొడుగునా నేలకు ఆనేలా ఉండటం, స్టాండును ఒక జానెడు పక్కకు జరపడం వల్ల గండం తప్పింది.

నింపిన రోజు నీళ్ళు పావు వంతు దగ్గర ఆపాను. రసమట్టం అన్ని వైపులా బుడగను నడుమే చూపించింది. సగం దాకా నింపి గాజు అంచు నుంచి నీటి గీత దాకా కొలిస్తే, ఎడమవైపు కన్నా కుడివైపు రెండు మిల్లీమీటర్లు తేడా. నీరు పల్లమెరుగు, నిజం దేవుడెరుగు అన్నారు గానీ, మా ఇంటి నేల నిజం నీళ్ళకే తెలిసింది, రసమట్టానికి తెలియలేదు. ఆచారి గారికి ఫోను చేశాను. ఆ తేడా రెండు చివరలకూ సమంగా ఉందా, ఒక మూలే తేడాగా ఉందా అని అడిగారు. వెనుకా ముందూ కొలిచాను, స్టాండు మొత్తం ఒకే వైపు ఒరిగింది, మెలిక లేదు. "అయితే నిద్రపోండి" అన్నారు. మొత్తంగా ఒరిగితే గాజుకు పెద్ద బాధ లేదు, మెలి తిరిగితేనే. అయినా నేను ఆ నీళ్ళన్నీ తోడేసి, కుడివైపు చట్రం కింద పలుచని పలక పొడుగునా దూర్చి, మళ్ళీ నింపాను. మా ఆవిడ ఆ రోజంతా నాతో మాట్లాడలేదు.

ట్యాంకు కింద థర్మోకోల్ షీటు వేయడం గురించీ ఒక మాట. చిన్న ఇసుక రేణువులు, పూతలోని పొక్కులు, ఇలాంటివి అది కాచుకుంటుంది. బావ ట్యాంకు కింద కూడా థర్మోకోల్ ఉంది. అంగుళం మందం.

ఈ పది నెలల్లో ఒక వేసవి ఇంకా దాటలేదు. అసలు పరీక్ష వచ్చే మే నెలలో. నెలకోసారి నీటి గీత నాలుగు మూలలా కొలిచి, తలుపు లోపలి వైపు పెన్సిలుతో రాస్తున్నాను. ఇప్పటిదాకా అంకెలు మారలేదు. పాత వాసాల మీద నమ్మకం ఉంది గానీ, నా వాదం ఎంత గట్టిదో ఆ పెన్సిలు అంకెలే చెప్పాలి. మెలిక తేలితే ఈ బ్లాగులోనే రాస్తాను.

సంక్రాంతికి అక్కా బావా వచ్చారు. బావ చేపలను చూసి మురిసిపోయాడు, అవి తనను గుర్తుపట్టాయన్నాడు. గింజలు వేసే చేయి ఎవరిదైనా అవి అలాగే మీదికి వస్తాయని నేను చెప్పలేదు. తర్వాత స్టాండు తలుపు తీసి, జేబులోంచి టేపు తీసి కాలు కొలిచాడు. ఇంకోసారి కొలిచాడు.

"రెండంగుళాలేనా?"

"రెండే బావా."

"దీని మీద ఇంత పెట్టావా?" అని లేచి, పైన చూపుడు వేలు పెట్టి తోశాడు. నేనెప్పుడూ ఆ పరీక్ష గురించి చెప్పలేదు. వేలు చాలక అరచేత్తో తోశాడు. వెనక్కి వంగి ప్లైవుడ్డును తట్టాడు, ఏమీ అనలేదు.

పోయిన వారం అక్క ఫోను చేసింది, ఈసారి పగలే. బావ కొత్త స్టాండు చేయిస్తున్నాడట, చేపలు తిరిగి కావాలట. కాళ్ళు ఎంత లావని అడిగాను. నీ మాట మీద గౌరవంతో తగ్గించారు, మూడున్నర అంగుళాలే అంది. వెనుక పలక వేశారా అంటే బావను కేకేసి అడిగింది. వేయించాడట. రెండు పొరలు.